ముదురాకుపచ్చ పెట్టె ఇచ్చిన కొట్టు

షికాగోలో మేము దిగిన హోటల్ పేరు రాయను గానీ, దాని లెక్క మాత్రం రాయక తప్పదు. రాత్రికి 139 డాలర్లని చూసి రెండు రాత్రులకు గది తీసుకుంటే, తీరా చేరాక సదుపాయాల రుసుమని రోజుకు 29, కారు నిలిపినందుకు రోజుకు 62 కలిపి, పన్నులు కాక 460 డాలర్ల బిల్లు చేతిలో పెట్టారు. ఆ సదుపాయాలేమిటని అడిగితే, కౌంటర్లోని కుర్రవాడు తలెత్తకుండానే రెండు నీళ్ల సీసాలు, వ్యాయామశాల అన్నాడు. మోకాళ్ల నొప్పులతో నిలబడలేకపోతున్న మా అత్తయ్యగారికి వ్యాయామశాల! లాబీలో కూర్చుందామంటే ఆ నాలుగు కుర్చీలూ కాఫీ కొన్నవారికేనట. కారున్నవారు నగరం నడిబొడ్డున అసలు దిగకూడదు.

ఆ కోపం చల్లారకుండానే మరునాడు స్టేట్ వీధిలోని పెద్ద దుకాణం, పాత మార్షల్ ఫీల్డ్స్‌కు వెళ్లాము. 2006 సెప్టెంబరు నుంచి దాని పేరు మేసీస్. అయినా గోడ మీది ఫలకాలపై పాత పేరే ఉంది, మూలనున్న పెద్ద గడియారమూ కదలలేదు. 1997 చలికాలంలో, విద్యార్థిగా ఉన్నప్పుడు, మొదటి ఇంటర్వ్యూకు టై కొన్నది ఇక్కడే. చవకది కావాలని చెప్పడానికి నేను సిగ్గుపడుతుంటే, అమ్మే పెద్దాయన సంగతి గ్రహించి తానే తగ్గింపు బల్ల దగ్గరకు తీసుకెళ్లాడు. ముడి వేయడం నేర్పి, ఆ 12 డాలర్ల టైను ఖరీదైన సరుకుకు పెట్టే ముదురాకుపచ్చ పెట్టెలోనే పెట్టి ఇచ్చాడు. టై ఏమైందో గుర్తు లేదు గానీ, పెట్టెలో ఇప్పుడు మా పెళ్లి ఫోటోలున్నాయి.

లోపల, 1907లో టిఫనీ సంస్థ దాదాపు 16 లక్షల గాజు ముక్కలతో పొదిగిన పైకప్పు కింద అత్తయ్యగారు ఆగిపోయారు. అత్తరు కౌంటర్లోని ఒకామె అడగకుండానే తన స్టూలు తెచ్చి వేసింది. "గుళ్లో కూడా ఇంతసేపు తలెత్తి చూడలేదు బాబూ" అంటూ ఆవిడ ముప్పావుగంట కదలలేదు. ఏం కొంటారని ఎవరూ అడగలేదు.

ఏడో అంతస్తులోని వాల్‌నట్ రూమ్‌లో భోజనానికి, టిప్పుతో సహా, ముగ్గురికి 74 డాలర్లయింది. 1890లో టోపీల విభాగంలో పనిచేసే హెరింగ్ అనే ఆవిడ, ఆకలేసిన గిరాకీలు ఇంటిదారి పట్టకుండా తన ఇంటి చికెన్ పాట్ పై పంచిందని, ఇక్కడి భోజనశాలలకు అదే మొదలని చెబుతారు. కరకరలాడే పిండి మూత కింద చిక్కటి గ్రేవీతో వచ్చిన ఆ వంటకం తిన్నాక మా ఆవిడ హోటల్ బిల్లును దాదాపు క్షమించింది. శాకాహారి అయిన అత్తయ్యగారు మాత్రం రొట్టె, టీతో సరిపెట్టుకుని కాసేపు అలిగారు. 1999 వరకు ఈ భవనంలోనే తయారైన ఫ్రాంగో పుదీనా చాక్లెట్లతో ఆ అలక తీరింది. అయితే చాలా కౌంటర్ల దగ్గర మనిషే లేడు, చాక్లెట్లను మామూలు కాగితపు సంచిలో వేసి ఇచ్చారు. అది నాకు నచ్చలేదు.

మిన్నెసోటా దాకా ఆరున్నర గంటల కారు ప్రయాణం హాయిగా సాగింది.

అక్కడ ఎడైనాలోని సౌత్‌డేల్, మొత్తం ఒకే కప్పు కింద వేడి, చలి అదుపు చేసిన అమెరికా తొలి మాల్. విక్టర్ గ్రూన్ రూపకల్పనలో 1956 అక్టోబరు 8న తెరిచారు. పోటీ దుకాణాలైన డేటన్స్, డొనాల్డ్‌సన్స్ ఒకే గొడుగు కిందికి రావడం అప్పట్లో వింత; నేడు ఆ రెండు పేర్లూ లేవు. దుకాణాలు ఎక్కడైనా దొరికేవే, వాటి కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు. నడిమి తోటలో శిల్పి హ్యారీ బెర్టోయా చేసిన బంగారు రంగు లోహపు చెట్ల కోసం మాత్రం రావచ్చు. కారు నిలపడానికి ఒక్క సెంటు తీసుకోలేదు. బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న అత్తయ్యగారు, "రాత్రికి ఇక్కడే పడుకోనిస్తారేమో ఒకసారి అడిగి రా బాబూ" అన్నారు.