న్యూ ఆర్లీన్స్‌లో వాలంటీర్ల జాతీయ సదస్సు: బస, తిరుగుడు, తిండి

2011 జూన్‌లో అమెరికా వాలంటీర్ల జాతీయ సదస్సు న్యూ ఆర్లీన్స్‌లో పెట్టారు. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు వేలమంది తిండీ నీళ్ళూ లేక రోజుల తరబడి ఎదురుచూసిన కన్వెన్షన్ సెంటర్‌లోనే ఈ సభలు.

బస గురించి ముందు చెప్తాను, ఎక్కువ తిప్పలు పడింది అక్కడే. సెంటర్‌కు నడిచి వెళ్ళేంత దూరమే అని హోటల్ వాళ్ళు రాసిన మాట అబద్ధం కాదు. కానీ ఆ భవనమే ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరుకు తక్కువ ఉండదు. మన సెషన్లు ఏ హాల్లోనో చూసుకుని ఆ వైపు గది తీసుకోవాలి. హోటల్ షటిల్‌ను నమ్ముకుంటే అంతే సంగతులు: వచ్చినప్పుడే వచ్చినట్టు. పొద్దున తొమ్మిదింటికే బయట ఒళ్ళంతా జిగట, లోపల ఏసీకి వణుకు. జూన్‌లో కూడా స్వెటర్ పెట్టుకోండి.

సెయింట్ చార్లెస్ అవెన్యూ వైపు గెస్ట్‌హౌస్‌లలో దిగినవాళ్ళు నాకంటే సుఖపడ్డారనిపించింది. అక్కడి నుంచి పాత ఆకుపచ్చ ట్రామ్‌లో రావచ్చు, అప్పట్లో టికెట్ 1.25 డాలర్లు. ఏసీ ఉండదు, చెక్క సీట్లు, నింపాదిగా నడుస్తుంది. ఎనిమిదిన్నర సెషన్ ఉంటే మాత్రం దానిమీద ఆధారపడకండి.

పెద్ద హాల్లో ప్రసంగాలు చప్పట్లకు బాగానే ఉన్నాయి. చిన్న గదుల్లో జరిగినవే అసలు సరుకు. విపత్తు వేళ పిలవకుండానే వచ్చిపడే జనాన్ని ఎలా వాడుకోవాలన్న సెషన్‌లో కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. రెండు వారాల ముందే మిజోరీలోని జోప్లిన్ ఊళ్ళో పెద్ద భాగాన్ని టోర్నడో తుడిచిపెట్టింది మరి. అక్కడ విన్నదాంట్లో బాగా పనికొచ్చేది హాజరు పట్టిక: పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, చేసిన పని, సంతకం. విపత్తు తర్వాత ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఇచ్చే సాయంలో స్థానిక ప్రభుత్వాలు పెట్టుకోవాల్సిన వాటా మామూలుగా పాతిక శాతం దాకా ఉంటుంది. వాలంటీర్ల గంటలకు విలువ కట్టి అందులో చూపించుకోవచ్చు. సంతకం లేకపోతే ఆ గంటలు లెక్కలోకి రావు. సేవ చేయడానికి వచ్చినవాళ్ళను సంతకం అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఇది వినాల్సిందే.

వీలు చేసుకుని, కత్రినా వరదకు బాగా దెబ్బతిన్న లోయర్ నైన్త్ వార్డ్ అనే పేటకు వెళ్ళండి. టాక్సీ మాట్లాడుకుంటే నయం. నేను వెళ్ళేనాటికి ఆరేళ్ళు కావస్తున్నా కొన్ని స్థలాల్లో మూడు కాంక్రీట్ మెట్లు మాత్రం ఉండేవి, వాటి వెనక ఇల్లు లేదు, నిలువెత్తు గడ్డి. ఫొటోలు తీస్తూ గుంపుగా తిరగడం అక్కడివాళ్ళకు నచ్చదు, నచ్చాల్సిన పనీ లేదు.

శాకాహారులకు కాస్త కష్టమే. రాజ్మా అన్నంలా కనిపించే రెడ్ బీన్స్‌లో మామూలుగా సాసేజ్ వేస్తారు, అడిగి తీసుకోండి. కెఫే డ్యు మోండ్‌లో బెన్యేలకు (నూనెలో వేయించిన తీపి పిండి ముక్కలు) వెళ్ళేటప్పుడు మాత్రం నల్ల చొక్కా వద్దు. వాటిమీద గుట్టగా పోసే పంచదార పొడి సగం ఒళ్ళోనే పడుతుంది.