సీడీ మీది స్టిక్కర్ పీకబోతే చెయ్యి పట్టుకోండి

తిరుపతి గాంధీరోడ్డు వైపు ఒక సందులో మెట్లెక్కి పోతే ఉంటుందే, ‘పాత సీడీలకు గీతలు తీస్తాం, పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తాం’ అని బోర్డు, ఆ అంగడికి పోకండి. పేరు రాయను. పోయొచ్చినవాళ్ళకు ఏ అంగడో తెలిసిపోతుంది. ఈ సాయంత్రమే అక్కడ మా అక్క పెళ్ళి పోగొట్టుకొని వచ్చాను.

2005లో చిత్తూరులో జరిగిన పెళ్ళి. అప్పటి వీసీడీలు (వీడియో సీడీలు) కదా, ఒక్కోదాంట్లో గంటా ఇరవై నిమిషాలకు మించి పట్టదు, అందుకని స్టూడియో ఆయన మూడు సీడీలుగా ఇచ్చాడు. మీద అక్కాబావల ఫొటో స్టిక్కర్లు, చుట్టూ గులాబీలు. రెండో సీడీలో కన్యాదానం. మా నాయన బావ కాళ్ళు కడిగేది, కడుగుతూ చెంబు జారిపోతే తనే నవ్వేసేది. నాయన 2019లో పోయాడు. ఆయన కదిలే బొమ్మ మాకు ఇంకెక్కడా లేదు. బావ వాళ్ళ ఇంట్లో ఉన్న సెట్టు 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడే బీరువాతో పాటు పోయింది.

అసలు నేను అంగడికి పోవాల్సిన పనే లేదు. ఒళ్ళు మండేది అందుకే. మొదటి సీడీ ముప్పై నిమిషాల దగ్గర ఇరుక్కుంటుంటే నేనే ఇంట్లో బాగు చేశాను. సబ్బు నీళ్ళతో కడిగి, మామూలు తెల్ల పేస్టు (జెల్ పనికిరాదు) కొంచెం పూసి, పాత నూలుబట్టతో మధ్య రంధ్రం నుంచి అంచు వైపు తిన్నగా రుద్దాను. గుండ్రంగా తిప్పి రుద్దకూడదు. పాటైనా బొమ్మైనా సీడీలో చుట్లు చుట్లుగానే ఉంటుంది, చుట్టు వెంబడి గీత పడితే ప్లేయర్ సర్దుకోలేదు. అడ్డంగా పడే సన్న గీతలైతే దాటుకొని పోతుంది. పది నిమిషాల పని. కడిగి ఆరబెట్టి మా బామ్మర్ది కంప్యూటర్‌లో పెడితే మొత్తం కాపీ అయింది. అంత బాగా అయ్యాక రెండోది కూడా అలాగే చెయ్యొచ్చు కదా? గీత కాస్త లోతుగా ఉంది, నా చేతితో ఎందుకులే, మిషన్ ఉన్నవాడికి ఇద్దాం అనుకున్నాను. మహా తెలివి.

ఆయన సీడీని లైటు కింద తిప్పి చూసి, “అర్ధగంట పని సామీ, కొత్తదాని మాదిరి చేసిస్తా” అన్నాడు. కూర్చున్నాను. మిషన్ మీద పెట్టబోయి ఆగి, స్టిక్కర్ అంచు కింద గోరు పెట్టాడు. ఎందుకన్నా అంటే “ఇది ఉంటే తిరిగేటప్పుడు బ్యాలెన్స్ తప్పుతాది” అన్నాడు. ఒక్క మాట అడ్డం చెప్పలేదు నేను. ఆయనకు తెలిసినంత నాకు తెలుసా అనుకున్నాను.

చర్రుమని లాగాడు. స్టిక్కర్‌తో పాటు వెండి పొర కూడా లేచి వచ్చింది. ముందు వైపు అక్క నవ్వుతూ ఉంది, వెనక వైపు తళతళా మెరుస్తోంది. ఆయన చేతిలో మిగిలింది ఉత్త ప్లాస్టిక్ చక్రం, అందులోంచి అవతల ఆయన చొక్కా గుండీలు కనపడుతున్నాయి. గాజు కిటికీ మాదిరి.

సీడీలో ఉన్న సరుకంతా ఆ పై పొరలోనే ఉంటుంది, దాని మీద సన్నటి వార్నిష్ పూత తప్ప రక్షణ ఏమీ లేదు. కింద మనం భయపడి చూసుకునే వైపు 1.2 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్, దాని మీద గీత పడితే అరగదీసి పోగొట్టొచ్చు. పైన పొర లేస్తే ఇక ఏ మిషనూ ఏమీ చెయ్యలేదు. ఇది నాకే తెలుసు, బోర్డు పెట్టి డబ్బులు తీసుకునే మనిషికి తెలియదంటే నేను నమ్మను.

ఆయన ఏమన్నాడో తెలుసా? “పాత సరుకు సామీ, ఇది ముందే పోయుండాది.” అని, బల్ల మీద రాలిన వెండి పొట్టును గుడ్డతో తుడిచి, స్టిక్కర్‌ను చెత్తడబ్బాలో వేశాడు. మిషన్ మీద పెట్టనే లేదు, మిషన్ చార్జీ 150 అడిగాడు. నేను ఇచ్చాను! రెండు వందల నోటు ఇచ్చి, చిల్లర యాభై కోసం నిలబడ్డాను కూడా. తర్వాత వంగి చెత్తడబ్బాలోంచి ఆ స్టిక్కర్ ఏరుకున్నాను. పక్కన జిరాక్స్ కోసం వచ్చిన పిల్లోడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. తప్పేం లేదు వాడిది.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

సరే, మీకు పనికొచ్చేది రెండు ముక్కలు. స్టిక్కర్ ఉన్న సీడీ అయితే దాని జోలికి ఎవరినీ పోనివ్వకండి, ఊడొస్తున్నా అలాగే ఉంచండి. డీవీడీ అయితే పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి అంత భయం లేదు. బ్లూరే (డీవీడీ తర్వాత వచ్చిన డిస్క్) మాత్రం పేస్టు పెట్టి రుద్దకండి, దాని పొర కింది వైపుకు చాలా దగ్గర, పైపూత పోతే అంతే. ఆడినంత వరకు ముందు కాపీ తీసుకోండి, బాగుచెయ్యడం ఆ తర్వాత.

మూడో సీడీ మా బామ్మర్ది కంప్యూటర్‌లో అసలు కనపడటం లేదు. ఒక సీడీ డ్రైవు చదవనిది ఇంకో డ్రైవు చదువుతుంది ఒక్కోసారి. ఎవరింట్లోనైనా పనిచేసే పాత డ్రైవు ఉంటే చెప్పండి, చిత్తూరైనా సరే నేనే వస్తా. సీడీ మాత్రం నేనే పెడతా, నేనే తీస్తా.