గ్యాస్ గ్రిల్ కొనేముందు: లావా రాళ్లా, వాలు రేకులా? ఏది మేలు?

హోటల్ వంటగదికి గ్యాస్ గ్రిల్ కొనబోతే ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. రెండింటికీ అడుగున బర్నర్లు, పైన జాలీ ఉంటాయి. తేడా అంతా మధ్యలోనే. ఒకదాంట్లో బర్నర్ల మీద లావా రాళ్లు (అగ్నిపర్వతపు రాళ్లు) పరిచి ఉంటాయి. రెండోదాంట్లో పెంకుటింటి కప్పులా రెండు వైపులా వాలుగా వంచిన పోత ఇనుము లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ రేకులు ఒక్కో బర్నర్‌ను కప్పి ఉంటాయి.

రోజూ నూనె, పెరుగు, మసాలా పట్టించిన కోడి, చేప కాల్చే చోటికి రేకులదే మేలు. అందుకు కారణం కారే కొవ్వు. లావా రాయి నిండా సన్నని రంధ్రాలుంటాయి. పడిన కొవ్వులో కొంత కాలిపోతుంది, మిగతాది రాయి పీల్చుకుంటుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే రాళ్ల పొర మొత్తం నూనెలో నానిన వత్తిలా తయారవుతుంది. రద్దీ వేళ జాలీ నిండా ముక్కలు పేర్చి మంట పెంచితే పాత జిడ్డు, కొత్త జిడ్డు కలిసి అంటుకుంటాయి. మంట నేరుగా పైనున్న హుడ్ (పొగను లాగే గూడు) ఫిల్టర్ల వైపు ఎగుస్తుంది. రేకు మీద పడిన కొవ్వు కొంత అక్కడే కాలి పొగవుతుంది, మిగతాది వాలు వెంట కింది ట్రేలోకి జారిపోతుంది.

‘రాళ్లయితేనే బొగ్గుల మీద కాల్చిన వాసన’ అనే మాట నమ్మక్కర్లేదు. ఆ వాసన రాయిది కాదు, వేడి మీద పడి కాలిన కొవ్వుది, మసాలాది. రేకు మీదా అది వస్తుంది. రాళ్లకు నిజంగా ఉన్న బలం వేరు: వేడిని పట్టి ఉంచుతాయి, చల్లటి ముక్కలు ఒక్కసారిగా వేసినా జాలీ వెంటనే చల్లబడదు. కానీ వాటికి రోజూ చాకిరీ చేయాలి. ఒకే వరుసలో, మధ్యలో గాలి ఆడేలా పరచాలి. రెండు వరుసలు పోస్తే వేడి కిందికి తన్ని బర్నర్ వంగిపోతుంది. జిడ్డు పట్టిన వైపు కిందికి తిప్పి కాలనివ్వాలి. పొడిగా రాలే రాళ్లను మార్చేయాలి, లేకుంటే ఆ పొడి బర్నర్ రంధ్రాల్లో చేరుతుంది. కడిగిన రాళ్లను తడిగా మంట మీద పెడితే లోపలి నీరు ఆవిరై అవి పగలొచ్చు.

రేకులకూ జబ్బులున్నాయి. పోత ఇనుము వేడిగా ఉండగా చన్నీళ్లు పడితే చిట్లుతుంది. శుభ్రం చేశాక రేకును పక్కకు జరిపి పెడితే కొవ్వు నేరుగా బర్నర్ మీద పడుతుంది. చల్లారాక తీసి మసి గీకాలి. మూసుకున్న బర్నర్ రంధ్రాలను సన్నని తీగతో తెరవాలి. అగ్గిపుల్ల వాడితే విరిగి లోపలే ఇరుక్కుంటుంది. నీలి మంట పసుపుగా మారి మసి పడుతుంటే ముందు బర్నర్‌లోకి గాలి వెళ్లే ద్వారం చూడాలి. అక్కడ జిడ్డు, దుమ్ము చేరితే గ్యాస్‌కు చాలినంత గాలి అందదు, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది.

ఏ రకమైనా మంట ఎగిస్తే నీళ్లు చల్లకూడదు. నాబ్ కట్టేసి, పొడవాటి పటకారుతో ముక్కలు పక్కకు తీయాలి. అప్పటికీ తగ్గకపోతే వెట్ కెమికల్ ఎక్స్‌టింగ్విషరే (వంట నూనె మంటలను ఆర్పే ద్రవ రసాయనపు సిలిండర్) దిక్కు. అమెరికాలో హోటల్ వంటగదుల అగ్నిభద్రతకు పెట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం మామూలు పొయ్యికీ హుడ్ ఫిల్టర్‌కీ మధ్య కనీసం 18 అంగుళాలు అడుగుతుంది. ఇలాంటి గ్రిల్‌కు మాత్రం 4 అడుగులు అడుగుతుంది. అక్కడ హోటల్ నడిపే తెలుగువాళ్లే కాదు, ఇక్కడివాళ్లూ హుడ్ బిగించేటప్పుడు టేపు పెట్టి కొలుచుకోవాల్సిన లెక్క ఇది.

ఇక ఇంధనం. 19 కిలోల ఎల్‌పీజీ సిలిండరా, పైపు గ్యాసా (సహజ వాయువు) అన్నది చాలాచోట్ల మన చేతిలో ఉండదు. హైదరాబాద్, విజయవాడల్లో పైపు వచ్చిన వీధుల్లో పైపే సుఖం, సిలిండర్లు మోసి మార్చే పని తప్పుతుంది. అయితే గ్రిల్‌ను ఒకదాన్నుంచి మరోదానికి మార్చేటప్పుడు రెగ్యులేటర్ ఒక్కటే మారిస్తే చాలదు, జెట్లూ (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రపు బిళ్లలు) మార్చాలి. ఒకే పరిమాణంలో ఎల్‌పీజీ ఇచ్చే వేడి పైపు గ్యాస్‌కు దాదాపు రెండున్నర రెట్లు, అందుకే ఎల్‌పీజీ జెట్ రంధ్రం చిన్నది. పైపు గ్యాస్ జెట్లకు సిలిండర్ తగిలిస్తే పసుపు మంట జాలీ దాటి లేస్తుంది. లీక్ డిటెక్టర్ చోటు కూడా మారుతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేలకు దగ్గరగా, పైపు గ్యాస్ తేలిక కాబట్టి పైకప్పుకు దగ్గరగా పెట్టాలి.

వెలిగించే ముందు హుడ్ ఫ్యాన్ వేయాలి. బర్నర్ నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి 5 నిమిషాలు ఆగాలి. జాయింట్లను సబ్బు నీటి నురగతోనే పరీక్షించాలి. రాత్రి ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ కట్టి, గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోయాక నాబ్‌లు కట్టాలి.