దవడ కీలు నొప్పికి తిరుపతిలో చికిత్స: నాలుగు నెలల అనుభవం

గత వేసవి సెలవులకు ముందు నా కుడి చెవికి ఆనుకుని, కణత కిందుగా మొదలైన నొప్పిని నేను చాలా రోజులు చెవిపోటు అనే అనుకున్నాను. చిత్తూరులో చెవి వైద్యులు రెండుసార్లు పరీక్షించి చెవిలో దోషమేమీ లేదని చెప్పారు. నేను గణితం బోధించే ఉపాధ్యాయురాలిని. వరుసగా మూడు పీరియడ్లు పాఠం చెప్పిన రోజు సాయంత్రానికి దవడ బిగుసుకుపోయేది, ఆవలిస్తే టక్కుమని శబ్దం వచ్చేది. చివరికి ఒక ఉదయం ఇడ్లీ ముక్క పెట్టుకోవడానికి కూడా నోరు రెండు వేళ్ళ మందానికి మించి తెరుచుకోలేదు.

అప్పుడు చూపించుకున్న ఒక దంత వైద్యుడు పై పళ్ళూ కింది పళ్ళూ సరిగా కలవడం లేదని, నాలుగు దంతాలను అరగదీసి తొడుగులు వేస్తే నొప్పి పోతుందని చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న దంతాలను అరగదీయించుకోవడానికి మనసొప్పక, మా తోటి ఉపాధ్యాయురాలి సలహాతో తిరుపతి వెళ్ళాను. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో, మొదటి అంతస్తులో ఉన్న చిన్న దంత వైద్యశాల అది. ఇద్దరు వైద్యులు ఉంటారు. దవడ కీలు సమస్యలను అక్కడి డాక్టరమ్మ చూస్తారు.

ఆమె నా నోటిని చూడడానికి ముందు అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "టీచర్ గారూ, అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు గానీ, బరువు మోసేటప్పుడు గానీ దవడ లాగినట్టు ఉంటుందా? కాసేపు కూర్చుంటే తగ్గుతుందా?" గుండె నొప్పి కొందరిలో దవడలో కనిపిస్తుందని, అలాంటిది ఉంటే పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని ఆ తరువాత వివరించారు. ఈ ఒక్క ప్రశ్నతోనే నాకు ఆమెపై నమ్మకం కుదిరింది.

పరీక్షకు దాదాపు నలభై నిమిషాలు పట్టింది. చెవుల ముందు వేళ్ళు పెట్టి నన్ను నోరు తెరిచి మూయమన్నారు, చెంపల కండరాలనూ కణతలనూ ఒక్కొక్క చోట నొక్కి చూశారు, స్కేలుతో నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచారు. సాధారణంగా పెద్దవారిలో అది 40 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది, అంటే మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. నాకు 29 వచ్చింది. నాలుక అంచున పళ్ళ అచ్చులు, చెంపల లోపల తెల్లని గీత, అరిగిన కోరపళ్ళు చూపించి, నేను పళ్ళు బిగించి ఉంచుతున్నానని చెప్పారు. నిద్రలో పళ్ళు నూరుతున్నానని మా వారు ఎన్నోసార్లు అన్న మాటను నేను అంతవరకు పట్టించుకోలేదు.

ఆమె ప్లాస్టిక్ పుర్రె నమూనా చేతికిచ్చి చెప్పిన వివరణ నాకు బాగా ఉపయోగపడింది. కింది దవడ ఎముక గుండ్రని కొన చెవి ముందున్న గుంటలో అమరి ఉంటుంది, ఆ రెంటి మధ్య మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు ఆ కొన మొదట అక్కడే తిరిగి, తరువాత బిళ్ళతో సహా ముందుకు జారుతుంది. బిళ్ళ ముందుకు తప్పుకుని, నోరు తెరిచినప్పుడు తిరిగి చోటుకు చేరితే టక్కుమనే శబ్దం వస్తుంది. చోటుకు చేరకపోతే నోరు పట్టేస్తుంది. నొప్పి లేని శబ్దానికి చికిత్స అక్కర్లేదని ఆమె స్పష్టంగా చెప్పారు. నా విషయంలో బిళ్ళ కంటే అలసిన కండరాలే నోటిని ఎక్కువగా కట్టేశాయట. ఎముకల కోసం ఒక్క ఎక్స్‌రే తీయించారు. బిళ్ళను చూడాలంటే ఎంఆర్‌ఐ కావాలని, కానీ దానివల్ల ఇప్పుడు చికిత్స మారదని చెప్పి ఆ ఖర్చు పెట్టనివ్వలేదు.

పళ్ళు అరగదీసే ఆలోచన గురించి అడిగాను. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి వైద్యుడు వెనుక దంతాలు లేకపోవడమే ఇలాంటి నొప్పికి మూలమని రాసినప్పటి నుంచి పళ్ళ అమరికపైనే నెపం వేయడం అలవాటైందని, తరువాతి పరిశోధన దాన్ని బలపరచలేదని, మళ్ళీ సరిదిద్దలేని మార్పులు మొదట్లోనే చేయకూడదని ఆమె అన్నారు.

చికిత్స చాలావరకు నా చేతిలోనే పెట్టారు. పెదవులు కలిసి ఉన్నా పళ్ళు విడిగా ఉండాలి. తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప అవి తాకకూడదు. నాలుకను పై పళ్ళ వెనుక అంగిలికి ఆనించి నోరు నెమ్మదిగా తెరవడం ఆరేసి సార్లు, రోజుకు ఆరు విడతలు. వేడినీటి గుడ్డ కాపడం రెండు పూటలా. నొప్పి మాత్రలు పది రోజులు మాత్రమే. నిప్పట్లు, మురుకులు, చెరకు, వక్క మానేయమన్నారు. ఉప్పుకారం అద్దిన తోతాపురి ముక్కలు కొరకకుండా జూన్ నెల గడపడం చిత్తూరువారికి ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. రాగి సంగటిని మనం ఎలాగూ పెద్దగా నమలము కనుక భోజనానికి మాత్రం లోటు రాలేదు. తిరుమల లడ్డూలో కలకండ పలుకులను ఏరి పక్కన పెట్టి తిన్నాను.

రాత్రి పెట్టుకోవడానికి పై పళ్ళ అచ్చు తీసి గట్టి అక్రిలిక్ తొడుగు చేసి ఇచ్చారు, 7,500 రూపాయలు తీసుకున్నారు. మొదటి వారం నోట్లో నీరూరి నిద్ర పట్టలేదు. రెండుసార్లు వెళ్ళి ఎత్తు సరిచేయించుకున్నాక అలవాటైంది. పళ్ళ అరుగుదలను అది ఆపుతుందని, నొప్పిని తగ్గిస్తుందన్న హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పారు. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలిక దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, చేతితో చేసే ఫిజియోథెరపీ, ఆలోచనల అలవాట్లను మార్చే మానసిక చికిత్స వంటివాటినే గట్టిగా సిఫారసు చేశాయి. ఇలాంటి రాత్రి తొడుగుల విషయంలో అంత ఉత్సాహం చూపలేదు.

అందుకే నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే ఉంది. వ్యాయామాలు ఇంత ముఖ్యమైనప్పుడు వైద్యశాలలో ఫిజియోథెరపిస్టు లేకపోవడం, ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా చెప్పకపోవడం పెద్ద లోపం. చిత్తూరులో దవడ కండరాలకు చేయగలిగినవారిని నేనే వెతుక్కున్నాను, నాలుగు వారాల్లో నాకు కలిగిన మేలులో సగం అక్కడిదే. సూచనల కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. నా పక్కన కూర్చున్న రైతు దాన్ని నా చేత చదివించుకున్నారు. చెప్పిన సమయానికి వెళ్ళినా గంటన్నర ఆగాల్సి వచ్చింది, తొడుగు ధర అచ్చు తీసిన తరువాత గానీ చెప్పలేదు. మెట్లు తప్ప లిఫ్టు లేదు. డెబ్బై కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చేవారు శనివారం కాకుండా వారం మధ్యలో వెళ్ళడం మేలు.

నాలుగో నెలలో మళ్ళీ కొలిస్తే 42 మిల్లీమీటర్లు వచ్చింది. ఇప్పుడు పాఠం చెప్పిన సాయంత్రాలు దవడ బరువెక్కడం లేదు, పరీక్షల పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం పళ్ళు బిగుస్తున్నాయేమోనని చూసుకుంటూ ఉంటాను. ఆవలిస్తే ఆ శబ్దం ఇంకా వస్తోంది. దాన్ని కూడా పోగొట్టమని అడిగితే, నొప్పి లేనప్పుడు దాని జోలికి వెళ్ళవద్దని చెప్పి, తొడుగు పగిలితేనో నోరు మళ్ళీ పట్టేస్తేనో తప్ప రావద్దని డాక్టరమ్మ నన్ను పంపించేశారు.