పల్లీల బొమ్మ చూసి నూనె క్యాన్ కొంటున్నారా? ఒకసారి వెనక్కి తిప్పండి

సంక్రాంతికి సకినాలు చేసుకుందామని అయిదు లీటర్ల పల్లీ నూనె పంపమని మా వీధి చివరి దుకాణానికి ఫోన్ చేసి చెప్పాం. కుర్రాడు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు. క్యాన్ ముందువైపు నిండా పొట్టు తీసిన పల్లీల బొమ్మ. పక్కన ఎర్రటి గుండె గుర్తు. దాని కింద పెద్ద అక్షరాల్లో 'కొలెస్ట్రాల్ లేదు'. వెనక, బ్యాచ్ నంబరు కొట్టే చోటికి కొంచెం పైన, చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది: పామోలిన్ (పామాయిల్‌ నుంచి తీసే నూనె) 80 శాతం, పల్లీ నూనె 20 శాతం. ధర మాత్రం అసలు పల్లీ నూనెకు కాస్త అటూ ఇటూగానే వేశారు.

సీలు కూడా తియ్యకుండా తిరిగి పట్టుకెళ్తే దుకాణం ఆయన వాపసు తీసుకోనన్నాడు. "ఇదీ పల్లీ నూనే కదా మేడమ్, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు, పైగా కొలెస్ట్రాల్ ఉండదు" అని నాకే పాఠం చెప్పాడు. బిల్లు మీద 'పల్లీ నూనె 5 లీ' అని ఆయనే రాసిచ్చాడు, ఆ కాగితం భద్రంగా దాచాను. ఇంకొకరు ఇలా డబ్బు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. రెండు నూనెలు కలిపి అమ్మడం మన దేశంలో నేరం కాదు. కాకపోతే ఏ నూనె ఎంత శాతమో లేబుల్ మీద చెప్పాలి, కలిపిన ఒక్కో నూనె కనీసం 20 శాతం ఉండాలి. మా క్యాన్‌లో పల్లీ నూనె సరిగ్గా 20 దగ్గరే ఎందుకు ఆగిందో చూశారుగా! నిబంధనకు ఎంత కావాలో అంతే పోశారు, బొమ్మ మాత్రం మొత్తం పల్లీలదే వేశారు. ఇలాంటి వాటి మీద 'బ్లెండెడ్' అనో, ఈమధ్య 'మల్టీ సోర్స్' అనో రాస్తున్నారు. ఆ మాట కనబడితే శాతాలు చదివాకే డబ్బులివ్వండి.

ఇది డబ్బు గొడవ ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మా అత్తమ్మకు గుండెలో స్టెంట్ వేశారు. సంతృప్త కొవ్వు, అదే శాచురేటెడ్ ఫ్యాట్, తగ్గించమని డాక్టరు మరీ మరీ చెప్పారు. పల్లీ నూనెలో అది వందకు 20 లోపే ఉంటుంది, పొద్దుతిరుగుడు నూనెలో 10, 12 దాకా. పామోలిన్‌లో 40 దాటుతుంది. ఈ క్యాన్ పోషకాల పట్టికలోనే 100 గ్రాములకు 38 గ్రాములని ఉంది. అంటే పల్లీ నూనె అనుకుని వండుతూ దానికి రెట్టింపు సంతృప్త కొవ్వు ఆవిడ కంచంలో వడ్డించేవాళ్లం. ఈ కొవ్వు ఎక్కువైతే రక్తంలోని, చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్‌ను లివర్ లాక్కునే పని మందగిస్తుంది, ఆ ఎల్‌డీఎల్ రక్తంలోనే పేరుకుంటుంది.

మరి 'కొలెస్ట్రాల్ లేదు' అన్న మాట? అబద్ధం కాదు, అందుకే అంత ధైర్యంగా వేస్తారు. కొలెస్ట్రాల్ ఉండేది పాలు, నెయ్యి, గుడ్లు, మాంసం లాంటి జంతు సంబంధమైన వాటిలో. గింజల నూనెలో లెక్కకు వచ్చేంత ఉండదు. సంతృప్త కొవ్వు వందకు 90 దాకా ఉండే కొబ్బరి నూనెలో కూడా కొలెస్ట్రాల్ ఉండదు. ఆ అక్షరాలకు పైసా విలువ ఇవ్వకండి. చూడాల్సింది పోషకాల పట్టికలో శాచురేటెడ్ ఫ్యాట్ అని రాసిన వరస.

పామోలిన్ విషమని నేననడం లేదు. హోటళ్లలో, చిప్స్‌లో, బిస్కెట్లలో రోజూ తింటూనే ఉన్నాం. అందుకే ఇంటి నూనెలో కూడా అదే ఎందుకు, అదీ పల్లీల ధర పెట్టి, అన్నది నా బాధ. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడండి, మైదా, చక్కెర తర్వాత పామాయిల్ పేరు తరచూ కనబడుతుంది. వనస్పతి, నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకు చేటు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి రూలు వచ్చింది, అది మంచిదే. కానీ 'ట్రాన్స్ ఫ్యాట్ లేదు' అన్న ప్యాకెట్‌లో సంతృప్త కొవ్వు దండిగా ఉండొచ్చు. ఐస్‌క్రీమ్ కొనేటప్పుడూ అంతే, కప్పు మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే అందులో వాడింది ఎక్కువగా పాల వెన్న కాదు, మొక్కల నుంచి తీసిన నూనె, కొవ్వు.

వాట్సాప్‌లో తిరిగే ఫ్రిజ్ పరీక్షను మాత్రం నమ్ముకోకండి. నూనె గడ్డకడితే కల్తీ, కట్టకపోతే అసలు అంటారు. బాగా చల్లబడితే స్వచ్ఛమైన పల్లీ నూనె కూడా చిక్కబడుతుంది, మసకబారుతుంది. అది చూసి మంచి గానుగ వాళ్ల మీద నింద వెయ్యడం అన్యాయం. లేబుల్ లేని విడి నూనె సంగతి ల్యాబ్‌లో తప్ప తేలదు, విడి నూనె కొనకపోవడమే మేలు.

బరువు కూడా చూసుకోండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగాలి. ఈమధ్య అచ్చం లీటరు ప్యాకెట్‌లాగే కనబడే వాటిలో 850, 800 గ్రాములే ఉంటున్నాయి. ప్యాకెట్ ధర కాదు, 100 గ్రాముల ధర లెక్కేసుకోండి, చవక అనుకున్నది చాలాసార్లు చవక కాదని తేలుతుంది.

నెలకు ఎంత నూనె కొనాలో కూడా మాకు ఈ గొడవతోనే లెక్కకొచ్చింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి దాదాపు 27 గ్రాములు చాలంటోంది. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు అనుకోండి. మా ఇంట్లో అయిదు లీటర్ల క్యాన్ నెల తిరక్కుండానే అయిపోయేది. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే, గానుగదైనా, రిఫైన్డ్ అయినా. గానుగ నూనె మంచిదని గరిటెడు ఎక్కువ పోసే మా మరిది లాంటి వాళ్లకు ఈ మాట.

ఇలా మోసపోతే క్యాన్ పారేయకండి. ముందువైపు, వెనకవైపు ఫొటోలు తియ్యండి, బ్యాచ్ నంబరూ, దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరూ కనబడేలా. బిల్లు మీద సరుకు పేరు రాయించుకోండి. 1915కు ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు తీసుకుంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. లేబుల్ సంగతైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో పెట్టండి. నేను రెండుచోట్లా పెట్టాను. సకినాలకు నూనె పక్క బజారులో గానుగ ఆడించుకుని తెచ్చుకున్నాం.