మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ కోచింగ్ ప్యాకేజీ: మాక్‌లు వాడండి, జవాబుల ఫైలు మాత్రం తెరవకండి

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు, నేను పోల్చి చూసినంతలో లోపలి సరుకు ఇంచుమించు ఒకటే, కాబట్టి మీరు ఎవరి దగ్గర కొంటున్నా కింద రాసింది ఎంతో కొంత పనికొస్తుంది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన సంతోషం నాకు ఒక పూట ఉంది. ఆ తర్వాత అంతా టెన్షనే. రాత పరీక్షకైతే సిలబస్ ఉంటుంది, పాత పేపర్లుంటాయి. దీనికి ఏం చదవాలో తెలియదు, ఎంత చదివితే చాలో అంతకన్నా తెలియదు. అలాంటి ఒక రాత్రి, సరిగ్గా నిద్ర కూడా పట్టని స్థితిలో కొన్నాను. ఆ స్థితిలో ఉన్నవాళ్ళ కోసమే ఈ ప్యాకేజీలు తయారవుతాయని ఇప్పుడు అనిపిస్తోంది.

కొన్నాక చేతికి వచ్చినవి నాలుగు. వీడియో పాఠాలు, మోడల్ జవాబుల ఫైలు, కెమెరా ముందు మాట్లాడితే మార్కులు వేసే సాఫ్ట్‌వేర్, మనుషులతో ఐదు మాక్ ఇంటర్వ్యూలు.

వీడియోల్లో మొదటి రెండు బాగున్నాయి. ఎంఎంఐ అంటే, అదే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, అసలు ఎందుకు పుట్టిందో చెప్పారు, నాకు అది తెలియడం చాలా ఉపయోగపడింది. పాత పద్ధతిలో ఇద్దరో ముగ్గురో కూర్చుని ఒక అరగంట మాట్లాడి మార్కులు వేసేవారు. వాళ్ళకి మనం నచ్చితే సరే, మొదటి రెండు నిమిషాల్లో నచ్చకపోతే మిగతా సమయమంతా ఎదురీతే. పైగా ఒక విషయంలో చక్కగా మాట్లాడినవాళ్ళు ఇంకో విషయంలోనూ అలాగే మాట్లాడతారని గ్యారంటీ లేదు. అందుకని కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు ఒక పెద్ద ఇంటర్వ్యూని ముక్కలు చేశారు. పది స్టేషన్లు, ఒక్కోదానికి 8 నిమిషాలు, మధ్యలో 2 నిమిషాలు, ఒక్కో చోట ఒక్కో పరీక్షకుడు. దాని మీద కెవిన్ ఈవా, ఆయన సహచరులు రాసిన పేపరు 2004లో వచ్చింది. వైద్య విద్యార్థులని స్టేషన్ల మీదుగా తిప్పి పెట్టే ఆస్కీ (OSCE) అనే ప్రాక్టికల్ పరీక్ష దీనికి నమూనా, దాన్ని రోనాల్డ్ హార్డెన్ 1975లోనే ప్రతిపాదించాడు. ఇప్పుడు స్టేషన్ల సంఖ్య, నిమిషాలు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటాయి, మీకొచ్చిన మెయిల్‌లో చూసుకోండి.

ఈ చరిత్ర ఎందుకంటారా? ఒక స్టేషన్ చెడిపోయిందనుకోండి, తర్వాతి గదిలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదు. ఆయన ముందు మీరు కొత్తవాళ్ళే. తలుపు దాటగానే పాతది వదిలేయగలిగితే నష్టం ఆ ఒక్క స్టేషన్‌తో ఆగిపోతుంది. నేను మొదటి మాక్‌లో రెండో స్టేషన్ పోగొట్టుకుని, దాని గురించే ఆలోచిస్తూ మూడు, నాలుగు కూడా పోగొట్టుకున్నాను.

మిగతా వీడియోలు దండగ. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎన్నిసార్లు తల ఊపాలి అని పన్నెండు నిమిషాలు మాట్లాడారు.

ఇక జవాబుల ఫైలు. ఇది చూసే నేను డబ్బు కట్టాను, దీని వల్లే ఎక్కువ నష్టపోయాను. వందల ప్రశ్నలు, ప్రతిదానికీ పేజీడు జవాబు. మొదట్లో నిధి దొరికినట్టు ఉంటుంది. ఒక వారం చదివాక చూస్తే అన్ని జవాబులూ ఒకే అచ్చులో పోసినవే. నైతిక ప్రశ్న ఏది వచ్చినా సరే, నాలుగు సూత్రాలు వల్లించడం: రోగి స్వయంనిర్ణయం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం. బీచమ్, చిల్డ్రెస్ అనే ఇద్దరు నీతిశాస్త్ర పండితులు 1979లో ఈ నాలుగింటినీ ఒక చట్రంగా పెట్టారు, చట్రం మంచిదే, అందులో తప్పు లేదు. కానీ వాళ్ళు చెప్పింది ఆలోచించడానికి, ఈ ఫైలు నేర్పేది అప్పజెప్పడానికి. ప్రాణం నిలవాలంటే రక్తం ఎక్కించాలి, రోగి మతవిశ్వాసం వల్ల వద్దంటున్నాడు, ఏం చేస్తారు అని అడిగితే నాలుగు సూత్రాల పేర్లు చెబితే ఎవరికి కావాలి? ముందు తెలియాల్సింది ఆ మనిషి పెద్దవాడా పిల్లవాడా, స్పృహలో ఉన్నాడా, తను వద్దంటున్నదేమిటో, దానివల్ల ఏం జరగొచ్చో అర్థమైందా, పక్కనున్నవాళ్ళు ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా, రక్తం కాకుండా వేరే దారి ఏమైనా ఉందా అని. ఈ ప్రశ్నలు ఆ పేజీడు జవాబులో ఎక్కడా లేవు. అన్నీ అర్థం చేసుకునే స్థితిలో ఉన్న పెద్దమనిషి వద్దంటే, అది ప్రాణం మీదికొచ్చినా ఆ మాట గౌరవించాలి అనే దగ్గరికి రావాలంటే ఇవన్నీ దాటుకునే రావాలి.

ఇంకో పెద్ద తప్పు ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. దేశాల చట్టాలన్నీ కలిపి కిచిడీ చేశారు. పదహారేళ్ళలోపు అమ్మాయి డాక్టర్ దగ్గరికి వచ్చి గర్భనిరోధక మాత్రలు కావాలి, అమ్మకి చెప్పొద్దు అంటే ఏం చేయాలి అనే ప్రశ్న ఉంది. దానికి గిల్లిక్ తీర్పు ప్రకారం అని మొదలుపెట్టారు. గిల్లిక్ 1985లో ఇంగ్లండ్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు. ఆ అమ్మాయికి విషయం పూర్తిగా అర్థం చేసుకునే తెలివి, పరిణతి ఉంటే తల్లిదండ్రుల అనుమతి లేకుండానే వైద్యానికి ఒప్పుకోవచ్చు అని. బాగానే ఉంది. ఆ పక్క పేజీలోనే, రోగి ఎవరినో చంపుతానని చెబితే గోప్యత పాటించాలా అనే ప్రశ్నకి టరసాఫ్ కేసు. అది 1976లో అమెరికాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు, ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టు మీద ఉంటుందని. ఏది ఎక్కడ చెల్లుతుందో ఫైలులో ఒక్క ముక్క రాయలేదు. ఇవన్నీ ఒకే పుస్తకంలోని రూల్స్ అనుకుని నేను కంఠతా పట్టేశాను. మూడో మాక్‌లో టరసాఫ్ అనగానే ఎదుటి ఆవిడ నవ్వి, "మీరు అప్లై చేసింది ఏ దేశంలో?" అని అడిగారు. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. కేసు పేరు చెప్పకపోయినా మార్కులు పోవు, తప్పు చోట చెబితే మాత్రం అర్థం కాకుండా బట్టీ పట్టారని దొరికిపోతారు.

"డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారు" అనే దానికి కూడా అందులో పద్నాలుగు జవాబులున్నాయి. పద్నాలుగూ చదివాను, సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. చిన్నప్పుడు తాతయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు అని మొదలయ్యేవే ఆరు. మీ తాతయ్య నిజంగానే ఆసుపత్రిలో ఉండి, మీరు నిజంగానే అప్పుడు ఏదో చూసి ఉంటే చెప్పండి, ఎవరూ కాదనరు. కానీ ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో ఫైలులో లేదు: "మరి నర్సు ఎందుకు కాకూడదు?" దీనికి తడుముకునేవాళ్ళే ఎక్కువ. నర్సుల పనిని తక్కువ చేయకుండా ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది, చివరికి జవాబు ఫైలులోంచి రాలేదు, వాలంటీరుగా పనిచేసిన వార్డులో ఎవరేం చేస్తున్నారో గుర్తు చేసుకుంటే వచ్చింది.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు ముక్కలు చాలు. నిమిషానికి ఎన్ని పదాలు మాట్లాడారు, ఎన్నిసార్లు "అంటే" లాంటి ఊతపదాలు వాడారు, కెమెరా వైపు ఎంత శాతం చూశారు అని లెక్క చెబుతుంది. దాన్ని మెప్పించడానికి నేను ఎక్కడా ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం నేర్చుకున్నా. 91 మార్కులు వచ్చాయి. అలా మాట్లాడిన వీడియో అక్కకి చూపిస్తే, "వార్తలు చదువుతున్నావేంట్రా" అంది. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ళు లైటింగ్, మైకు సరిచూసుకోవడానికి ఒకసారి వాడుకోండి, అంతే.

ఇప్పుడు మాక్‌లు. ప్యాకేజీ మొత్తంలో కట్టిన డబ్బుకి న్యాయం చేసింది ఇవే. ఐదింటిలో రెండు మామూలువి, ఎవరో సీనియర్ విద్యార్థి కాగితం చూసి ప్రశ్నలు చదివి చివర్లో "చాలా బాగా చేశారు" అన్నాడు. అది మాక్ కాదు, మొహమాటం. మిగతా మూడూ ఒకే ఆవిడ చేశారు, డాక్టర్, అడ్మిషన్ ఇంటర్వ్యూలు చేసిన అనుభవం ఉందని చెప్పారు. ఆవిడ మొదటి ప్రశ్నకి మనం ఏం చెప్పినా పెద్దగా పట్టించుకోరు. రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. "సరే, అదే రోగి మీ తమ్ముడైతే?" "మీ సీనియర్ డాక్టరే తప్పు చేస్తుంటే?" "మీరు చెప్పింది నేను ఒప్పుకోను, ఇప్పుడేమంటారు?" కంఠతా పట్టిన జవాబు రెండో ప్రశ్న దగ్గరే కూలిపోతుంది. నిజంగా ఆలోచించి చెప్పినదైతే ఎదుటివాళ్ళు ఎటు తోసినా అడుగు దొరుకుతుంది, అవసరమైతే "మీరన్నాక ఆలోచిస్తే, నేను ముందు చెప్పినదాంట్లో ఇది వదిలేశాను" అని మార్చుకోనూ వచ్చు. అలా మార్చుకుంటే మార్కులు తగ్గుతాయని నేను భయపడేవాణ్ణి. ఆవిడ నా చేత కావాలనే రెండుసార్లు మార్పించారు.

రోల్ ప్లే స్టేషన్ ఒకటి మర్చిపోలేను. కారు వెనక్కి తీస్తుంటే పక్కింటావిడ పిల్లి చక్రం కింద పడి చచ్చిపోయింది, వెళ్ళి ఆవిడకి చెప్పాలి. విన్నప్పుడు నవ్వొస్తుంది, ఇది బాగా వాడకంలో ఉన్న పాత సందర్భమే, చాలామంది విని ఉంటారు. నేను తలుపు తట్టి, "నమస్కారం, మీతో ఒక విషయం మాట్లాడాలి, నేను చాలా బాధపడుతున్నాను, మీ బాధ నేను అర్థం చేసుకోగలను" అని గడగడా చెప్పేశాను. పిల్లి సంగతి ఇంకా చెప్పనేలేదు! ఏ బాధో ఆవిడకి తెలియకముందే ఓదార్చేశాను. రికార్డింగ్ వేసి ఆ డాక్టరుగారు ఒకటే అడిగారు: "చెప్పాక ఎంతసేపు ఆగారో చూశారా?" చూస్తే రెండు సెకన్లు. రెండో సెకను తర్వాత కొత్త పిల్లిని తెచ్చిస్తానని కూడా అనేశాను. ఆ వీడియో నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేను.

తర్వాత ఆవిడ చెప్పించిన పద్ధతి ఇది. కూర్చోమనండి. చెడ్డవార్త చెప్పబోతున్నానని ఒక మాటలో తెలియజేయండి. తర్వాత విషయం డొంకతిరుగుడు లేకుండా చెప్పండి, "చనిపోయింది" అనే మాటే వాడండి. ఆపైన నోరు మూసుకోండి. ఎదుటి మనిషి ఏడవనివ్వండి, తిట్టనివ్వండి, వాళ్ళు అడిగిందానికే జవాబు చెప్పండి. క్యాన్సర్ రోగులకి చెడ్డవార్త చెప్పడం కోసం 2000లో వచ్చిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది, దాని సారం కూడా చాలావరకు ఇదే. ఆరు అక్షరాలూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఆగడం ఒక్కటి ప్రాక్టీస్ చేయండి, అదే అన్నిటికన్నా కష్టం. నేను అక్కని పక్కింటావిడగా కూర్చోబెట్టి పదిసార్లయినా చెప్పుంటాను. ఏడోసారికి అక్క నిజంగానే తిట్టడం మొదలుపెట్టింది, అది ఇంకా బాగా పనికొచ్చింది.

ప్యాకేజీలో అసలు లేనిది కూడా చెప్పాలి. మీ అప్లికేషన్‌లో మీరు రాసిన వాటి గురించి ఒక్క ప్రశ్న లేదు. ప్యానెల్ ఇంటర్వ్యూలో సగం అదే అడుగుతారు. నేను ఒక ల్యాబ్‌లో ఒక వేసవి పనిచేశానని రాశాను, ఆ పని వల్ల తేలింది ఏమిటి అని అసలు ఇంటర్వ్యూలో అడిగితే మొదటి పది సెకన్లు నోట మాట రాలేదు. మీరు రాసిన ప్రతి వాక్యం కింద గీత గీసి, "ఇంకొంచెం చెప్పండి" అని ఎవరైనా అడిగితే ఏం చెబుతారో చూసుకోండి. దీనికి కోచింగ్ అక్కర్లేదు.

మొత్తానికి కొనాలా వద్దా? ఆస్ట్రేలియాలో 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కోచింగ్ తీసుకున్నవాళ్ళకి ఎంఎంఐలో దానివల్ల లాభమేమీ కనిపించలేదని తేలింది. కొనే ముందు నాకు ఇది తెలియదు, తెలిసినా కొనేవాణ్ణేమో, టెన్షన్ అలాంటిది. నాకు సీటు వచ్చింది, కానీ వీళ్ళ వల్లే వచ్చిందని చెబితే అబద్ధం. ఒక కాలేజీలో వచ్చింది, ఇంకోచోట రాలేదు, రెండింటికీ వెళ్ళింది ఇదే ప్యాకేజీతో. మీ చుట్టూ మొహమాటం లేకుండా ఎదురు ప్రశ్న వేసే మనిషి ఒక్కరున్నా ఇది అవసరం లేదు. లేకపోతే విడిగా మాక్‌లు మాత్రమే అమ్ముతారేమో అడగండి, చేసేది ఎవరో, వాళ్ళు ఎప్పుడైనా అసలు ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగే కుర్చీలో కూర్చున్నారో లేదో ముందే కనుక్కోండి, రికార్డింగ్ ఇస్తారా అని కూడా. ఫైలు ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి.

అయిదుకి మూడు స్టార్లు, ఆ మూడూ మాక్‌లు చేసిన డాక్టరుగారికే. అన్నట్టు వీడియో పాఠాల కింద అభిప్రాయం రాయమని ఒక పెట్టె ఉంటే టరసాఫ్, గిల్లిక్ సంగతి వివరంగా రాసి పంపాను. "మీ సూచనకు ధన్యవాదాలు, చాలా బాగా చేశారు" అని జవాబొచ్చింది.