గవర్నర్‌ను ఎన్నుకోవడం మేలా, నియమించడం మేలా?

1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ముఖ్యమంత్రి తన ఎమ్మెల్యేలను రాజ్‌భవన్‌కు తీసుకెళ్లి చూపించినా ఆయన వినలేదు. తెలుగుదేశం నుంచి చీలిన నాదెండ్ల భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. జనం రోడ్ల మీదికి వచ్చారు. ఆ నెల చివరికల్లా రామ్‌లాల్ వెళ్లిపోయారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. నాదెండ్ల అసెంబ్లీలో బలం చూపించలేకపోయారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఇద్దరు గవర్నర్లూ కాంగ్రెస్ నాయకులే. రామ్‌లాల్ హిమాచల్ ముఖ్యమంత్రిగా చేశారు, శర్మ ఆ పార్టీకి జాతీయ అధ్యక్షుడిగా చేశారు. ఇద్దరినీ పంపింది ఢిల్లీలోని ఒకే ప్రభుత్వం. అందుకే, గవర్నర్లుగా రాజకీయ నాయకులు వద్దు, రిటైరైన అధికారులను పెడితే చాలు అనే మాటతో నేను ఏకీభవించలేను. మన రాజ్‌భవన్‌లో అన్ని రకాల వాళ్లనూ చూశాం. మొదటి గవర్నర్ త్రివేది బ్రిటిష్ కాలపు ఐసీఎస్ అధికారి, శ్రీనగేశ్ సైన్యాధిపతిగా చేసినవారు, రంగరాజన్ రిజర్వు బ్యాంకు నుంచి, నరసింహన్ ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి వచ్చారు. వీళ్లలో మంచివాళ్లు ఉన్నారు. కానీ వచ్చే మనిషి మంచివాడైతేనే రాష్ట్రం క్షేమంగా ఉంటుందంటే, ఆ ఏర్పాటులోనే లోపం ఉన్నట్టు.

మరి ఎన్నిక పెడితే? ఇది కొత్త ఆలోచన కాదు. 1948 ఫిబ్రవరిలో అచ్చయిన రాజ్యాంగ ముసాయిదాలోనే గవర్నర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకోవాలన్న పద్ధతి ఉంది. 1949 మే చివర్లో బిహార్‌కు చెందిన బ్రజేశ్వర్ ప్రసాద్ సవరణ తెచ్చారు, నెహ్రూ దాన్ని సమర్థించారు, నియామకం ఖాయమైంది. ఎన్నికైన గవర్నర్‌కూ ముఖ్యమంత్రికీ గొడవలొస్తాయన్నది వాళ్ల ప్రధాన భయం.

ఆ భయం సరైనదేనని నాకనిపిస్తుంది. మన ముఖ్యమంత్రి ఒక్క నియోజకవర్గంలో గెలిచి, సభలో మెజారిటీతో పాలిస్తారు. గవర్నర్‌కు రాష్ట్రమంతా ఓటేస్తే, ముఖ్యమంత్రి కంటే ఎక్కువ ఓట్లు నాకే వచ్చాయని ఆయన అనరా? అప్పుడు ఒక్కో ఫైలూ ఒక్కో పంచాయితీ అవుతుంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఓటు హక్కున్న మనవాళ్లు గవర్నర్‌ను ఎన్నుకుంటారు, నిజమే. కానీ అక్కడి గవర్నరే ప్రభుత్వాన్ని నడుపుతారు. ఆయన్ను పోల్చాల్సింది మన ముఖ్యమంత్రితో, మన గవర్నర్‌తో కాదు.

అదే ముసాయిదాలో మూడో దారి ఒకటుంది. దాని గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. దామాషా పద్ధతిలో, అంటే పార్టీల బలాన్ని బట్టి వాటా దక్కేలా, రాష్ట్ర చట్టసభ సభ్యులు నలుగురి పేర్లు ఎన్నుకుంటారు, అందులో ఒకరిని రాష్ట్రపతి నియమిస్తారు. వినగానే ఇటు రాష్ట్రానికీ అటు కేంద్రానికీ పాత్ర ఉన్న మంచి పద్ధతి అనిపిస్తుంది. చాలాకాలం నేనూ ఇదే మేలనుకున్నాను. తర్వాత శాసనమండలిని పక్కన పెట్టి, 1983 అసెంబ్లీ మీద లెక్క వేసి చూశాను. 294 మంది సభ్యులు నలుగురిని ఎన్నుకోవాలంటే, ఈ పద్ధతిలో ఒక పేరు నెగ్గడానికి ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంటే 59 ఓట్లు చాలు. ఆ సభలో కాంగ్రెస్‌కు సరిగ్గా 60 మంది ఉన్నారు. అంటే తెలుగుదేశానికి అంత ఘనవిజయం వచ్చినా, నలుగురిలో ఒకరు కాంగ్రెస్ మనిషి అయ్యేవారు. ఢిల్లీ ఎవరిని ఎంచుకునేదో వేరే చెప్పక్కర్లేదు. రామ్‌లాల్ లాంటి మనిషే, ఈసారి అసెంబ్లీ ముద్రతో వచ్చేవారు.

నియామకంలో ఉన్న చిక్కేమిటో 1984 కంటే ముందే కనిపించింది. 1952లో మద్రాసు శాసనసభలో 375 సీట్లకు కాంగ్రెస్‌కు వచ్చినవి 152. టంగుటూరి ప్రకాశం పంతులు ప్రతిపక్షాలను కలిపి ఫ్రంట్ కట్టి, మాకే బలముందన్నారు. గవర్నర్ శ్రీప్రకాశ మాత్రం ప్రభుత్వం ఏర్పాటుకు కాంగ్రెస్ నాయకుడు రాజాజీని పిలిచారు. రాజాజీ అప్పటికి శాసనసభ్యుడు కూడా కాదు, గవర్నరే ఆయన్ను శాసనమండలికి నామినేట్ చేశారు. ఎవరికి ఎక్కువ బలముందో సభలోనే తేల్చాలని కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై వేసిన కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పేసరికి 1994 వచ్చింది.

బిల్లుల సంగతీ అంతే. సభ ఆమోదించి పంపిన బిల్లులను గవర్నర్ వీలైనంత త్వరగా తేల్చాలని రాజ్యాంగం 200వ అధికరణంలో ఉంది. తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ బిల్లులపై సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆ మాటను గవర్నర్లు మరచిపోకూడదని 2023 ఏప్రిల్‌లో కోర్టు గుర్తుచేయాల్సి వచ్చింది. ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు మాత్రం రాజ్యాంగంలో లేదు.

ఇవన్నీ చూశాక కూడా నా ఓటు నియామకానికే. అయితే ఇప్పుడున్న నియామకానికి కాదు. ముఖ్యమంత్రిని సంప్రదించాకే గవర్నర్‌ను వేయాలని కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్ 1988లో చెప్పింది. అది అవసరమే, కానీ సరిపోదు. అసలు పట్టు తొలగించే అధికారంలో ఉంది. రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే గవర్నర్ పదవిలో ఉంటారని 156వ అధికరణం అంటుంది. అంటే కేంద్రం ఇష్టం. 2004లో కేంద్రంలో ప్రభుత్వం మారగానే నలుగురు గవర్నర్లను ఇంటికి పంపారు. సరైన కారణం లేకుండా అలా తీసెయ్యకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ రోజు ఫోన్ వస్తుందో అన్న టెన్షన్‌తో ఉన్న మనిషి ఢిల్లీకి కాదని చెప్పగలడా?

ఐదేళ్లూ పదవి ఖాయం చేసి, రాష్ట్రపతిని తొలగించే తరహాలోనే అభిశంసన ద్వారా గవర్నర్‌ను తొలగించే అధికారం రాష్ట్ర శాసనసభకు ఇవ్వాలని అదే విషయంపై తర్వాత వేసిన పూంఛీ కమిషన్ 2010లో సూచించింది. నాకు ఇదే మేలనిపిస్తోంది. భారీ మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రి దీన్ని బెదిరింపుగా వాడుకోవచ్చు, ఆ ప్రమాదం ఉంది. కానీ అభిశంసనలో ఆరోపణ పత్రం ఉంటుంది, విచారణ ఉంటుంది, ఎవరు ఎటు ఓటేశారో జనం చూస్తారు. ఇప్పుడైతే ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు వస్తుంది, అందులో కారణం కూడా రాయరు.